సగం రాసిన దస్తావేజు: సైటు మనుషుల కథలు రాసిన మామొని అక్క

ఈ వారం ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే అడిగిండ్రు: "అన్నా, ఆ అస్సాం రచయిత్రి పేరేంది? కొంచెం వివరంగా రాసి పెట్టు" అని. అందుకే ఇది.

ఆమె సంగతి నాకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు. మా క్యాంపులో అస్సాం నుంచి వచ్చిన ఒక స్కఫోల్డింగ్ తమ్ముడు ఉండేవాడు. ఒక శుక్రవారం వంటగదిలో ఉల్లిగడ్డలు కోసుకుంటూ, "మీ భాషలో పెద్ద రచయిత ఎవరు?" అని అడిగిన. ఆలోచించకుండా "మామొని బైదేవ్" అన్నడు. బైదేవ్ అంటే అక్క. "మనలాంటోళ్ల మీద రాసింది భయ్యా, సైటు మీద పనిచేసేటోళ్ల మీద" అన్నడు. ఇన్నేండ్లు సైటులో టైమ్‌కీపర్‌గా హాజరు రాసిన మనిషిని. సైటు మీద నవల ఉంటదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె అసలు పేరు ఇందిరా గోస్వామి. 1942 నవంబరు 14న గౌహతిలో పుట్టింది. వాళ్లది దక్షిణ కామరూప్‌లోని అమ్రంగా సత్రం కుటుంబం. అక్కడ సత్రం అంటే మన దగ్గరిలా బాటసారులు దిగే చోటు కాదు, వైష్ణవ మఠం. మఠాధిపతుల ఇల్లు, భూములు, ఏనుగులు ఉన్న వంశం. అట్లాంటి ఇంటి పిల్ల మాధవన్ రైసొమ్ అయ్యంగార్ అనే ఇంజినీరును పెళ్లి చేసుకుంది. ఆయనది కర్ణాటక, ఉద్యోగం కాశ్మీరులో. దక్షిణాది మనిషి, పని కోసం దేశం ఆ చివరకు పోయినోడు. పెళ్లయిన 18 నెలలకే అక్కడ జీపు ప్రమాదంలో పోయిండు. ఆమెకు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

ఆమె రచయితగా పెట్టుకున్న పేరు మామొని రైసొమ్ గోస్వామి. మామొని ముద్దుపేరు, గోస్వామి పుట్టింటి పేరు, నడుమ రైసొమ్ భర్త పేరులోది. ఊరుగాని ఊర్లో పోయిన మనిషి పేరు అట్ల అస్సామీ పుస్తకాల అట్టల మీద ఉండిపోయింది.

చిన్నప్పటి నుంచే ఆమెకు మనసు కుంగుబాటు ఉండేది. చావాలని ప్రయత్నించిన సంగతి కూడా తన ఆత్మకథలో దాచకుండా రాసింది. ఆ పుస్తకం పేరు 'ఆధా లేఖా దస్తావేజ్', అంటే సగం రాసిన దస్తావేజు. బతకడానికే రాశానని ఆమె తర్వాత చెప్పుకుంది. (రూములో ఎవరికైనా అట్లాంటి ఆలోచన వస్తే పక్క బెడ్ అన్నతోనన్నా చెప్పండి. ఒక్కరే మోయకండి.)

ఇక మన సంగతికి వద్దాం. భర్తతో ఉన్న రోజుల్లో ఆమె కట్టుబడి క్యాంపులను దగ్గర నుంచి చూసింది. ఇంజినీరు భార్య కాబట్టి ఆమె ఉన్నది రేకుల షెడ్డులో కాదు, ఆఫీసరు వైపు. అయినా ఆమె చూపు షెడ్ల వైపే పోయింది. 'చీనాబొర్ సొ‌ఁత్' అనే నవల కాశ్మీరులో చీనాబ్ నది మీద పనిచేసిన కూలీల కథ. 'అహిరన్' అప్పటి మధ్యప్రదేశ్‌లోని అహిరన్ నది దగ్గరి పని మీద రాసింది. మూడోది 'మామరే ధరా తరోవాల్', అంటే తుప్పు పట్టిన కత్తి. ఇది ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ దగ్గర సాయీ నది మీద అక్విడక్టు కట్టే కూలీల సమ్మె కథ. అక్విడక్టు అంటే కింద నది పారుతుంటే దాని మీదుగా కాలువను దాటించే కట్టడం. కోనసీమలో పి.గన్నవరం దగ్గర చూసినోళ్లకు వెంటనే అర్థమైతది.

ఈ మూడో నవలకే ఆమెకు 1982లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తర్జుమాలో చదివితే నన్ను ఆపేసింది ఒకటే సంగతి. ఇందులో కూలీలంతా మంచోళ్లు, కంపెనీ అంతా చెడ్డది అని గీత గీసి రాయలేదు. సమ్మె నడిపే నాయకుల్లో కూడా స్వార్థం ఉంటది. సమ్మె సాగినకొద్దీ పొయ్యి వెలగదు. ఆ ఆకలి భారం చివరకు పడేది ఆడవాళ్ల మీద, అందులోనూ కింది కులాల ఆడవాళ్ల మీద. పని ఆగిన రోజుల్లో ఇంటికి పైసలు పంపలేక ఫోన్ ఎత్తని మనోళ్లను నేను చూసిన. అటువైపు ఇంట్లో ఏమైతదో మనం లెక్క కట్టం. ఆమె నవల ఆ లెక్కే కట్టింది.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టిండ్రు. కట్టడం మీద శిలాఫలకం ఉంటది, అందులో మంత్రి పేరు ఉంటది. తట్టలు మోసినోళ్ల పేర్లు ఉండవు. మామొని అక్క నవలల్లో ఆ పేర్లు లేనోళ్లే ముఖ్య పాత్రలు.

భర్త పోయాక ఆమె కొన్నాళ్లు గోల్‌పారా సైనిక్ స్కూల్లో టీచరుగా చేసింది. తర్వాత రామాయణాల మీద పరిశోధన కోసం బృందావనం పోయింది. మాధవ కందళి అస్సామీ రామాయణాన్ని, తులసీదాసు రామాయణాన్ని పక్కపక్కన పెట్టి చూసే పని అది. అక్కడ ఆమెకు ఎదురైంది మాత్రం విధవరాండ్రు. ఇంటోళ్లు వదిలేస్తే భజన పాడి గుప్పెడు బియ్యం, కొన్ని పైసలు తెచ్చుకునే ముసలమ్మలు. తమ దహనానికి తామే చిల్లర కూడబెట్టుకునేటోళ్లు. వాళ్ల మీద 1976లో 'నీలకంఠీ బ్రజ' వచ్చింది. పుణ్యక్షేత్రం గురించి అట్ల రాయడం అందరికీ నచ్చలేదు. ఆమె కూడా విధవే కాబట్టి అది జాలితో బయటి నుంచి రాసిన పుస్తకం కాదు.

1988లో వచ్చిన నవల పేరును తెలుగులో చెప్పుకుంటే 'చెదలు తిన్న ఏనుగు అంబారీ'. అది వాళ్ల సత్రం కథే. అందులో మనుషులు దక్షిణ కామరూప్ యాసలోనే మాట్లాడతరు. మన యాసను సినిమాల్లో నవ్వులాటకే వాడిన కాలం చూసినోళ్లకు, ఇంటి యాసను పెద్ద నవలలో నిలబెట్టడం ఎంత పనో తెలుస్తది. ఆ నవల 1996లో 'అదజ్య' అనే సినిమాగా వచ్చింది.

తర్వాత ఢిల్లీ యూనివర్సిటీలో అస్సామీ పాఠాలు చెప్పింది. 2000 సంవత్సరానికి జ్ఞానపీఠ్ వచ్చింది. అల్ఫాకు, కేంద్ర ప్రభుత్వానికి నడుమ మాటలు జరిగేలా మధ్యవర్తిగా నిలబడింది. 2011 నవంబరు 29న గౌహతిలోనే కన్నుమూసింది.

నేను ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, మా క్యాంపులో రెండేండ్ల కింద ఒక అన్న నిద్రలోనే పోయిండు. ఆయన సామాను లిస్టు రాసింది నేనే: మూడు ప్యాంట్లు, ఒక ఫోన్, బిడ్డకు కొన్న డ్రెస్సు. రిజిస్టర్‌లో ఆయన నంబరు ముందు గీత కొట్టి మళ్లీ డ్యూటీకి పోయిన. ఆయన పాట పాడితే ఆ అంతస్తంతా పని ఆపి వినేది. అది ఏ రిజిస్టర్‌లోనూ లేదు. మామొని అక్కను చదివినంక ఒక పాత నోట్‌బుక్ తీసి ఆయన గురించి నాలుగు పేజీలు రాసుకున్న. బాగా రాయలేదు, కానీ ఇప్పుడు అది ఉంది.

వచ్చే ఎపిసోడ్‌కు మీరు పంపండి. మీతో పనిచేసిన ఒక మనిషి గురించి, రెండు నిమిషాల వాయిస్ చాలు. ఏ ఊరోడు, ఏం పని చేసేటోడు, ఏం తింటే ఇష్టం, ఎవరి గురించి ఎక్కువ మాట్లాడేటోడు. వాళ్ల ఇంటోళ్లకు ఇష్టం లేకపోతే పేరు చెప్పకండి. యాస మాత్రం మార్చకండి.