మీకు వచ్చిన పాయింట్లు: సున్నా

ఉత్తరం మర్యాదగానే మొదలవుతుంది. మీరు పంపిన వివరాలన్నీ చూశామంటుంది. పేజీ తిప్పితే వరసగా పనుల పేర్లు, పక్కన అంకెలు. వంట చేసుకోవడం: 0. స్నానం: 0. ఎదుటివాళ్లతో మసలుకోవడం: 0. ఎందుకు సున్నానో కూడా రాసుంటుంది. ఫోన్లో అడిగినవాటికి తడబడకుండా జవాబిచ్చారు. కంగారు కనపడలేదు. డిగ్రీ ఉంది. కారు నడుపుతారు. కాబట్టి ఈ పనులన్నీ మీకు మీరే చేసుకోగలరని నిర్ణయించాం.

బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఎంతోమంది ఇలాంటి ఉత్తరం అందుకున్నారు. చదివి సొరుగులో పడేసి, ఇక మన వల్ల కాదనుకున్నవాళ్లు చాలామందే. పట్టు వదలకుండా ట్రైబ్యునల్ విచారణ దాకా వెళ్లిన పిప్ కేసుల్లో మాత్రం దాదాపు మూడింట రెండొంతులు దరఖాస్తుదారుల వైపే తేలుతున్నాయి. చట్టం అదే, మనిషీ అదే, చాలాసార్లు డాక్టర్ల కాగితాలూ అవే. మరి ఫలితం ఎక్కడ మారుతోంది?

పిప్ అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. 2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం కింద 2013 ఏప్రిల్‌లో మొదలైంది. జీతమెంత, బ్యాంకులో ఎంతుంది అని అడగరు. ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకీ రావచ్చు. రోజువారీ పనులు పది, రాకపోకలకు సంబంధించినవి రెండు, మొత్తం పన్నెండింటికి పాయింట్లు వేస్తారు. ఒక విభాగంలో 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్ద రేటు. 2025-26లో రోజువారీ విభాగానికి వారానికి 73.90 లేదా 110.40 పౌండ్లు, రాకపోకలకు 29.20 లేదా 77.05 పౌండ్లు. స్కాట్లాండ్‌లో 2022 నుంచి ఇదే పోలికలతో అడల్ట్ డిజెబిలిటీ పేమెంట్ నడుస్తోంది.

ఆటిజం ఉందని డాక్టరు రాసిచ్చినంత మాత్రాన ఒక్క పాయింటూ పడదు. ఏ పని చేసుకోగలరు, ఎలా చేసుకోగలరు అన్నదే లెక్క. చిక్కంతా ఆ 'ఎలా' దగ్గరే.

వంట వచ్చా?

ఆ పనుల్లో మొదటిది వంటే. ఒక్కరికి సరిపడా, తాజా సరుకులతో, ఒక్క రకం వండుకోగలరా అన్నంతవరకే అడుగుతారు. ముప్పై దాటిన ఒకామె ఉందనుకుందాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉద్యోగం, ఇంటి నుంచే పని, ఆటిజం నిర్ధారణ అయింది. వంట వచ్చా అంటే వచ్చంటుంది. అందులో అబద్ధమేం లేదు. ఉల్లిపాయ తరగడం, గిన్నె పొయ్యి మీద పెట్టడం, ఉప్పు చూడడం అన్నీ వచ్చు.

ఆ ఇంట్లో నిజంగా జరిగేది వేరు. వంటగదిలోకి వెళ్లాలనుకున్నాక కుర్చీలోంచి లేవడానికే గంట పడుతుంది. చిమ్నీ ఫ్యాన్ మోత భరించలేక ఆపేస్తే, పొగకి అలారం ఎక్కడ మోగుతుందోనని గుండె దడ. మధ్యలో ఎవరో తలుపు కొడితే పొయ్యి మీద గిన్నె ఉందన్న సంగతే గుర్తుండదు. మాడిన గిన్నెలు గట్టు మీద పేరుకుంటాయి. సాయంత్రం అక్క ఫోన్ చేసి 'ఏమే, తిన్నావా?' అనేదాకా పొద్దున్నుంచీ ఏమీ తినలేదని తనకే తెలీదు. ఇవేవీ ఫారంలో కనపడవు. వంట వచ్చా అని అడిగారు, వచ్చని రాసింది. అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పడం ఆటిజం ఉన్న చాలామంది అలవాటు. ఫారం నింపేటప్పుడు ఆ నిజాయితీయే వాళ్ల కొంప ముంచుతుంది.

అయితే పిప్ నిబంధనల్లో నాలుగోది ఆమె పక్షానే ఉంది. ఒక పని 'చేయగలరు' అనాలంటే ప్రమాదం లేకుండా, సరిగ్గా, కావలసినన్నిసార్లు, తగిన సమయంలో చేయగలగాలి. తగిన సమయమంటే వైకల్యం లేనివాళ్లకు మహా అయితే పట్టే సమయానికి రెట్టింపు లోపు. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ పని రానట్టే. అదీ సగానికి పైగా రోజుల్లో ఎలా ఉంటుందో చూడాలి, బాగున్న ఒక్కరోజుని పట్టుకోకూడదు. ఈ నిబంధన సంగతి ముందే తెలిసి ఫారం నింపేవాళ్లు తక్కువ.

అక్క ఫోనుకీ పట్టికలో చోటుంది. ఇంకొకరు గుర్తుచేస్తేనో, లేవమని పోరితేనో తప్ప వండుకోలేకపోతే 2 పాయింట్లు. స్నానానికీ అలాగే 2, బట్టలు మార్చుకోవడానికి 2, మనుషులతో మాట్లాడడానికి 2. మొత్తం ఎనిమిది, అంటే మామూలు రేటు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల పాయింట్లు చాలావరకు ఇలా చిల్లర పోగేసినట్టే జమవుతాయి. ఒకే దగ్గర పెద్ద నోటు దొరకడం అరుదు.

ఇక మదింపు. ప్రైవేటు సంస్థల తరఫున నర్సో, ఫిజియోథెరపిస్టో, అంబులెన్సులో పనిచేసిన పారామెడిక్కో ఫోన్ చేసి గంటకు అటూ ఇటూగా మాట్లాడతారు. ఆ గంట కోసం ఆమె వారం నుంచీ జవాబులు కాగితం మీద రాసుకుని బట్టీ పట్టి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ పదిమందిలో మామూలుగా కనపడడానికి చేసిన సాధనంతా ఆ గంటలో అక్కరకొస్తుంది, దాంతోనే పాయింట్లు పోతాయి. ఫోన్ పెట్టేశాక రెండు రోజులు కర్టెన్లు మూసిన గదిలో మాట లేకుండా పడుకున్న సంగతి నివేదికలోకి ఎక్కదు. తడబాటు లేకుండా మాట్లాడారన్న వాక్యం మాత్రం ఎక్కుతుంది.

నెల గడువు

ఉత్తరం తేదీ నుంచి నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్ అడగాలి. అంటే కాదన్న ప్రభుత్వ డిపార్ట్‌మెంటునే మళ్లీ చూడమనడం. ఈ మెట్టు ఎక్కకుండా ట్రైబ్యునల్‌కి వెళ్లే దారి లేదు. గడువు దాటినా తగిన కారణం చూపిస్తే పదమూడు నెలల దాకా వినే వీలుంది, కానీ దాన్ని నమ్ముకోకపోవడమే మేలు. ఫోన్లో అడగొచ్చు, అయినా ఉత్తరమే ఉత్తమం. ఏ పనికి ఎన్ని పాయింట్లు రావాలి, ఎందుకు రావాలి, మొన్న ఫలానా రోజు ఏం జరిగింది అన్నది పని పనికీ విడివిడిగా రాయాలి. డాక్టరు చీటీ కంటే చాలాసార్లు కలిసుండే మనిషి రాసిన రెండు పేజీలే బలంగా నిలుస్తాయి. డాక్టరుకి రోగం పేరు తెలుసు. మాడిన గిన్నెల సంగతి తెలిసింది ఇంట్లోవాళ్లకే.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది, చెప్పక తప్పదు. అపరిచితులతో మాట్లాడలేను, ఉత్తరాలు తెరవాలంటే భయం, గడువులు గుర్తుండవు అని చెప్పుకోడానికి అపరిచితులకు ఫోన్ చేసి, ఉత్తరాలు తెరిచి, గడువులు పాటించాలి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. పైగా రీకన్సిడరేషన్లో పాత నిర్ణయమే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. రెండోసారీ అదే సున్నా చూశాక మళ్లీ పెన్ను పట్టేవాళ్లు ఎందరు?

పట్టినవాళ్లకి మరో నెల గడువు ఉంటుంది. అప్పీలుకి రుసుము లేదు. ఆన్‌లైన్లోనో ఎస్‌ఎస్‌సీఎస్1 ఫారంలోనో పెట్టుకోవచ్చు. తర్వాత డిపార్ట్‌మెంట్ నుంచి లావుపాటి కాగితాల కట్ట వస్తుంది. మదింపు చేసినవారి పూర్తి నివేదిక అందులోనే ఉంటుంది. వాళ్లు రాసినదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడుందో పేజీ నంబరుతో సహా పట్టుకోవాల్సింది అందులోనే. విచారణ తేదీకి నెలలు పడుతుంది. ఈలోగా పరిస్థితి ఇంకా దిగజారినా ట్రైబ్యునల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. మొదటి నిర్ణయం జరిగిన నాటికి ఎలా ఉన్నారన్నదే చూస్తుంది.

విచారణకి సాధారణంగా ముగ్గురు కూర్చుంటారు: జడ్జి, డాక్టరు, వైకల్యం గురించి అనుభవంతో తెలిసిన ఒక సభ్యుడు. పేరుకి ట్రైబ్యునలే గానీ బోనూ నల్లకోటూ ఉండవు, ఒక బల్ల చుట్టూ కుర్చీలు. డిపార్ట్‌మెంట్ తరఫున చాలాసార్లు ఎవరూ రారు. ఫోన్లోనో వీడియోలోనో కావాలని, మధ్యలో విరామం ఇవ్వమని, తోడు మనిషిని తెచ్చుకుంటామని ముందే అడగొచ్చు. అసలు తేడా మాత్రం ప్రశ్నల్లో ఉంది. వంట వచ్చా అని వాళ్లూ అడుగుతారు. వచ్చన్నాక అక్కడ ఆగరు. నిన్న ఏం వండారు? ఎంతసేపు పట్టింది? ఇంట్లో ఎవరున్నారు? చివరిసారి గిన్నె మాడింది ఎప్పుడు? దయా దాక్షిణ్యాల వల్ల తీర్పులు మారుతున్నాయనుకుంటే పొరపాటే. మదింపులో అడగాల్సిన రెండో ప్రశ్న అడగడం వల్లనే మారుతున్నాయి. ఆ ప్రశ్న ముందే అడిగుంటే ఈ నెలల నిరీక్షణ దేనికని డిపార్ట్‌మెంటుని నిలదీయాల్సింది పార్లమెంటు.

ఒక హెచ్చరిక కూడా. సున్నా వచ్చినవాళ్లకి పోయేదేం లేదు గానీ, ఇప్పటికే ఎంతో కొంత వస్తున్నవాళ్లు అప్పీలుకి వెళ్తే ట్రైబ్యునల్ దాన్ని తగ్గించనూ వచ్చు.

పై కోర్టుల్లో

ఒక్కొక్కరి అప్పీలు వల్ల అందరి దారీ మారిన సందర్భాలున్నాయి. ఒంటరిగా బయటికెళ్తే విపరీతమైన మానసిక వేదనకు లోనై దారిన పోలేనివాళ్లకీ రాకపోకల పాయింట్లు దక్కొచ్చని 2016 నవంబర్లో అప్పర్ ట్రైబ్యునల్ ఎంహెచ్ కేసులో చెప్పింది. ప్రభుత్వం ఊరుకోలేదు. మానసిక వేదన కారణమైతే ఆ పాయింట్లు కుదరవంటూ 2017 మార్చిలో నిబంధననే మార్చేసింది. ఆర్ఎఫ్ అన్న అక్షరాలతో రికార్డులకెక్కిన ఒక మహిళ దాని మీద హైకోర్టుకెళ్లింది. అది బాహాటమైన వివక్ష అంటూ అదే ఏడాది డిసెంబర్లో జస్టిస్ మోస్టిన్ సవరణ కొట్టేశారు. 2018 జనవరిలో మంత్రి ఎస్తర్ మెక్‌వీ ఇక అప్పీలు చేయబోమన్నారు. దాంతో 16 లక్షల పాత క్లెయిములు తిరగదోడాల్సి వచ్చింది. తెలియని బస్సెక్కాలంటే తోడు కావలసిన ఆటిజం ఉన్నవాళ్లకి 10 పాయింట్ల తలుపు అలా తెరుచుకుంది.

2019 జులైలో సుప్రీంకోర్టు ఎంఎం కేసులో చెప్పింది ఇళ్లకు ఇంకా దగ్గరి సంగతి. నలుగురిలో మాట్లాడడానికి 'పోరడం' సరిపోతే 2 పాయింట్లు, 'సామాజిక తోడ్పాటు' కావాలంటే 4. ఆ తోడ్పాటు ఇచ్చేది శిక్షణ పొందిన నిపుణులే కానక్కర్లేదు, ఆ మనిషి పోకడ అనుభవంతో ఎరిగిన అమ్మో స్నేహితుడో కూడా కావచ్చని కోర్టు తేల్చింది. అలాంటి శిక్షణో అనుభవమో ఉన్నవాళ్లే కావాలి, ఎవరైనా సరిపోరన్నది చూపించగలగాలి.

లండన్, రెడింగ్, బర్మింగ్‌హామ్‌ల వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి ఇది పనికొచ్చే తీర్పు. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి ప్రభుత్వ నిధులు అందవన్న షరతు ఉంటుంది, పిప్ ఆ జాబితాలోదే. శాశ్వత నివాసమో పౌరసత్వమో వచ్చినవాళ్ల పిల్లలు పదహారేళ్లు నిండగానే పిల్లల వైకల్య భత్యం నుంచి పిప్‌కి మారాలి, కొలతలు మారిపోతాయి. మదింపుకి ఫోనొస్తే పక్కన కూర్చున్న అమ్మ మన అలవాటు కొద్దీ 'మావాడు బాగానే చేసుకుంటాడండీ' అంటుంది. బయటివాళ్ల ముందు బిడ్డని తక్కువ చేసి చెప్పడానికి నోరు రాదు. పొద్దున్నే బ్రష్షు మీద పేస్టు పెట్టి చేతికిచ్చేదీ, బట్టలు వేసుకునే వరసలో మంచం మీద పరిచేదీ తనే. అది తన పని అనుకుంటుందే గానీ, పిప్ లెక్కలో అది కొడుక్కి దక్కాల్సిన సాయమని ఆమెకి తోచదు.

మన దగ్గర తరాజు వేరు. 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేనే లేదు. 2016 చట్టం 21కి పెంచి చేర్చింది. ఆటిజం తీవ్రత కొలిచే నలభై ప్రశ్నల ఇసా పట్టిక తయారైంది సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే. అందులో డెబ్బైకి తగ్గకుండా మార్కులు వచ్చి, సర్టిఫికెట్లో 40 శాతం పడితేనే పింఛను మాట: ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు. శాతం తక్కువేశారనిపిస్తే ఆ చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఆ సెక్షన్ ఒకటుందని సదరం శిబిరం ముందు వరసలో నిలబడ్డవాళ్లకి చెప్పేవాళ్లే కరువు.

అక్కడ బ్రిటన్‌లో లెక్క మళ్లీ మారబోయింది. ఏదో ఒక్క రోజువారీ పనిలోనైనా ఒకేచోట 4 పాయింట్లు ఉంటేనే ఆ విభాగం డబ్బు ఇస్తామని 2025 మార్చిలో ప్రభుత్వం ప్రతిపాదించింది. 2026 నవంబర్ నుంచి అమలు చేయాలనుకుంది. రెండేసి పాయింట్లు పోగేసుకునేవాళ్లు దాంతో ఆ డబ్బుకి పూర్తిగా దూరమయ్యేవారు. సొంత పార్టీ ఎంపీలే తిరగబడడంతో 2025 జులై 1న ఓటింగుకి కాస్త ముందు మంత్రి స్టీఫెన్ టిమ్స్ సభలో లేచి ఆ క్లాజు తీసేస్తున్నామన్నారు. పిప్ మదింపు మొత్తాన్ని సమీక్షించే బాధ్యత ఆయనకే అప్పజెప్పారు. నివేదికకి గడువు 2026 శరదృతువు. కొత్త చట్టం వచ్చేదాకా దరఖాస్తులకీ అప్పీళ్లకీ పాత పాయింట్ల పట్టికే వర్తిస్తుంది.