సన్న బిట్టుకి గట్టి పట్టు!

చింతలపూడి బడిలోనైనా, హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా ప్రాజెక్టు చేసే పిల్లలకి ఒకచోట చిక్కొస్తుంది. సర్క్యూట్ బోర్డుకి 0.8 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. బిట్టుంది, డ్రిల్లుంది. తీరా బిగిస్తే... జారిపోతుంది!

తప్పు బిట్టుది కాదు. బిట్టును పట్టుకునే చక్‌లో మూడు దవడలూ పూర్తిగా దగ్గరకొచ్చినా మధ్యలో కాస్త సందు మిగులుతుంది. 13 మి.మీ. చక్‌లు చాలావరకు 1.5 మి.మీ. కన్నా సన్నని బిట్లను పట్టుకోలేవు.

దీనికి విరుగుడు పిన్ చక్. పెన్నంత ఉండే ఈ పనిముట్టులో చీలికలున్న చిన్న గొట్టం బిట్టు చుట్టూ సమంగా బిగుస్తుంది. దీన్ని చేత్తోనే తిప్పొచ్చు. గుండ్రటి కాడ ఉన్నదైతే పెద్ద చక్‌లోనే బిగించొచ్చు. అది దొరక్కపోతే బిట్టు కాడకి సన్నని రాగితీగను పక్కపక్కనే, ఒకే వరసలో చుట్టి లావు చేయాలి. 3.175 మి.మీ. కాడతో కార్బైడ్ బిట్లూ ఉన్నాయి. అవి జారవు కానీ మహా పెళుసు. స్టాండు లేకుండా తొలిస్తే పుటుక్కుమంటాయి.

ప్లగ్గు తీశాకే బిట్టు బిగించాలి. చక్‌ను చేత్తో మెల్లగా తిప్పినప్పుడు మొన సున్నా చుడుతోందంటే బిట్టు మధ్యలో కూర్చోలేదన్నమాట. మళ్లీ బిగించాల్సిందే. లేదంటే రంధ్రం పెద్దదవుతుంది, బిట్టు విరుగుతుంది. విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే ముందు కళ్లద్దాలు... తర్వాతే స్విచ్చు!