రాంనగర్ మొద్దుల్లో పురుగుల సంసారం

హైదరాబాద్‌లోని రాంనగర్, అశోక్‌నగర్ గల్లీల్లో పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కడుతున్నారంటే ముందు గొడ్డలి వేటు పడేది పెరట్లో మామిడి చెట్టు మీదే. దాని మొద్దు కొన్నాళ్లు గోడవారన పడి ఉంటే, బెరడు పట్టి లాగి చూడండి. కింద వేలితో గీసినట్టు వంకర సొరంగాలు, వాటి నిండా మెత్తటి పొట్టు. అక్కడ ఓ సంసారం నడుస్తోందన్నమాట.

చచ్చిన చెక్కలో శక్తి అంతటా ఒకేలా ఉండదు. బెరడు కింది పొరలో చక్కెర, పైచెక్కలో పిండి, చేవలో ఓ పట్టాన అరగని పీచు. ముందు బెరడు పురుగులు దిగుతాయి. చెక్కకు బూజు పట్టి మెత్తబడ్డాక వేరే జాతులు వస్తాయి. చివికిన కొబ్బరి మోడులో కొమ్ము పురుగు పిల్లలు పెరుగుతాయి. మామిడి చెక్క పెట్టె కింద తెల్లపొడి రాల్చే పురుగుకు కావలసింది పిండే. మేదరులు వెదురును నీళ్లలో నానబెడితే ఆ పిండే కొంత కరిగిపోతుంది.

ఈ పురుగుల చుట్టాలు చెక్కకే పరిమితం కావు. రాంనగర్ దగ్గరి వీఎస్టీ చౌరస్తాకు పేరిచ్చింది ఆజామాబాద్ సిగరెట్ ఫ్యాక్టరీ. నిల్వ పొగాకును తినే పురుగు ఒకటుంది, వంటింటి ధనియాలనూ వదలదు. అదీ చెక్క తొలిచే పురుగుల కుటుంబమే! బలమైన తిండికి వెచ్చదనం తోడైతే నెలా రెండు నెలల్లో ఎదిగిపోతుంది. చలిదేశాల్లో కుర్చీలు, బల్లలు తొలిచే దాని బంధువుకు రెండు నుంచి ఐదేళ్లు పడుతుంది.

తిండి, వెచ్చదనం: ఈ రెండు శక్తులే ఒక చోట ఎన్ని జాతులు బతకగలవో చాలావరకు తేలుస్తాయి. ఐరోపా అడవుల్లో చూస్తే, వెచ్చటి చోట చెక్క తక్కువున్నా పురుగుల జాతులు అంతగా తగ్గలేదు. వెచ్చదనాన్ని బట్టి చెక్క చివికే వేగమూ మారుతుంది. ఆరు ఖండాల్లో 55 చోట్ల చెక్క ముక్కలు పెట్టి చేసిన పరిశోధన 2021లో ‘నేచర్’లో వచ్చింది. ఉష్ణమండలంలో చెక్క బరువు ఏడాదికి 28 శాతం దాకా తగ్గుతోందట. అతిశీతల అడవుల్లో అది 3 శాతం పైచిలుకే.

మన ఊళ్లో ఎండకు కొదవలేదు, కరవంతా చెక్కకే. ఈదురుగాలికి కూలిన నిద్రగన్నేరు తెల్లారేసరికి ముక్కలై లారీ ఎక్కుతుంది. రోడ్డు మీద అది తప్పదు, ఒప్పుకుంటాను. పార్కులో ఏం తొందర? ఇందిరా పార్కులోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులోనో ఓ మూల లావాటి మొద్దు ఒకటి ఎండలో, ఇంకొకటి నీడలో వదిలేయాలని గట్టిగా అడుగుతున్నాను. ఎండలోకి వచ్చే జాతులు వేరు, నీడవి వేరు. ఇక్కడ చెక్క త్వరగా చివికిపోతుంది కాబట్టి ఏటా కొత్త మొద్దు చేర్చాలి, లేకుంటే బెరడు కింద మొదలయ్యే వరస తెగిపోతుంది. వేప, నిద్రగన్నేరు, తురాయి ఏదైనా ఫర్వాలేదు. మామిడి మొద్దును మాత్రం బతికున్న మామిడి చెట్ల దగ్గర పెట్టకూడదు, కాండం తొలిచే పురుగు వాటికీ పాకుతుంది.