సినిమా చూద్దాం... సైన్సు నేర్చుకుందాం!

పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళలో ముందుగా మూతపడేది టి.వి. సినిమాలు చూస్తే చదువు పాడవుతుందని పెద్దల భయం. అందులో కొంత నిజం లేకపోలేదు. మూడు గంటలు ఊరికే కూర్చుని చూస్తే అది కాలక్షేపమే. అదే సినిమాలోని అయిదు నిమిషాల ఘట్టాన్ని తీసుకుని, పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని, "ఇది నిజంగా జరుగుతుందా? జరిగితే ఎందుకు? జరగకపోతే ఎందుకు?" అని అడుగుతూ చూస్తే అదొక పాఠమవుతుంది.

ఈ పద్ధతిని పెద్ద విశ్వవిద్యాలయాలే అనుసరించాయి. అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఇద్దరు భౌతికశాస్త్ర ఆచార్యులు 2002లో, సైన్సు ముఖ్య విషయంగా లేని విద్యార్థుల కోసం 'ఫిజిక్స్ ఇన్ ఫిల్మ్స్' అనే కోర్సు ప్రారంభించారు. 1998లో వచ్చిన 'ఆర్మగెడాన్' వంటి చిత్రాల్లోని ఘట్టాలను లెక్క కట్టి చూపించడం అక్కడి పద్ధతి. ఆ చిత్రంలో భూమి మీదికి వచ్చే గ్రహశకలం టెక్సాస్ రాష్ట్రమంత ఉంటుందట. టెక్సాస్ అడ్డుకొలత సుమారు 1,200 కిలోమీటర్లు. గ్రహశకలాల వలయంలో అన్నిటికన్నా పెద్దదైన సెరెస్ వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు మాత్రమే! అంత పెద్ద రాతిని ఒక్క బాంబు రెండు ముక్కలు చేయగలదా అన్నది తరువాతి ప్రశ్న. లెక్క వేస్తే చేయలేదనే తేలుతుంది. తప్పును పట్టుకోవడానికైనా సూత్రం తెలిసి ఉండాలి కదా. నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

మన సినిమాతో ఒక పాఠం

ఇందుకు హాలీవుడ్ దాకా వెళ్ళనక్కరలేదు. 2017లో తెలుగు, హిందీ భాషల్లో తీసిన 'ఘాజీ' చిత్రాన్నే తీసుకుందాం. ఆ ఏడాదికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన సినిమా ఇది. కథంతా సముద్రం అడుగున, జలాంతర్గామిలో నడుస్తుంది.

మొదటి ప్రశ్న: జలాంతర్గామి ఎలా మునుగుతుంది, మళ్ళీ ఎలా తేలుతుంది? దానిలో ప్రత్యేకమైన తొట్లు ఉంటాయి. వాటిలోకి సముద్రపు నీటిని వదిలితే బరువు పెరిగి పడవ మునుగుతుంది. ఒత్తిడితో నింపి ఉంచిన గాలిని వదిలి ఆ నీటిని బయటికి తోసేస్తే తేలికై పైకి వస్తుంది. ఇంట్లోనే దీన్ని చేసి చూడవచ్చు. పైన రంధ్రం లేని పెన్ను మూత అంచుకు కొంచెం బంకమట్టి అంటించండి. దాన్ని నిండుగా నీళ్ళున్న ప్లాస్టిక్ సీసాలో, కొన మాత్రమే పైకి కనిపించేలా తేలనివ్వండి. సీసా బిరడా గట్టిగా బిగించి, పక్కల నొక్కండి. మూతలోని గాలి కుంచించుకుని నీరు లోపలికి చేరుతుంది, మూత మునుగుతుంది. చెయ్యి వదిలితే తేలుతుంది.

రెండవ ప్రశ్న: లోతుకు వెళ్ళిన కొద్దీ పడవలోని వారికి అంత కంగారెందుకు? నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 100 మీటర్ల లోతున ఒక్కొక్క చదరపు మీటరు గోడ మీద పడే అదనపు భారం దాదాపు 100 టన్నులు. పది టన్నుల లారీలు పదింటిని ఒక చిన్న బల్లంత చోట నిలబెట్టినట్లన్నమాట!

మూడవ ప్రశ్న: చీకటి నీటిలో శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో ఎలా తెలుస్తుంది? ధ్వని ద్వారా. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లయితే, సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు. పంపిన ధ్వని 2 సెకన్లలో తిరిగి వచ్చిందనుకోండి. అది పోయి రావడానికి పట్టిన కాలం కనుక దూరం 3,000లో సగం, అంటే 1,500 మీటర్లు.

ఇక చరిత్ర. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3-4 తేదీల రాత్రి విశాఖపట్నం సమీపంలో మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే యుద్ధనౌక దానిని ముంచిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్లనో, మందుపాతర వల్లనో మునిగిందని పాకిస్తాన్ వాదన. సినిమాలో మాత్రం మరో భారత జలాంతర్గామి దానితో తలపడుతుంది. ఏది చరిత్ర, ఏది కల్పన, ఏది ఇంకా వివాదం అని విడదీసి చూడడం కూడా శాస్త్రీయ దృష్టే.

కార్యశాల జరిపే తీరు

ఇరవై మంది విద్యార్థులు, ఒక పెద్ద గది, ఒక టి.వి. ఉంటే ఆదివారం పూట చాలు. పిల్లలను నాలుగు జట్లుగా చేయండి. మొదటి జట్టు సూత్రాలు, లెక్కలు చూస్తుంది. రెండవ జట్టు ప్రయోగాలు చేస్తుంది. మూడవ జట్టు చరిత్ర, భూగోళం పటం మీద గుర్తిస్తుంది. నాలుగవది భాషా జట్టు.

ఈ నాలుగవ జట్టు మనకు చాలా ముఖ్యం. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా, చాలామంది బడిలో చదివేది మరో భాషలో. మనం పీడనం అనేదాన్ని కన్నడలో ఒత్తడ అని, తమిళంలో అళుత్తం అని, మరాఠీలో దాబ్ అని, ఒడియాలో చాప అని అంటారు. ఒకే గదిలో ఈ మాటలన్నీ బోర్డు మీద రాస్తే, అర్థం కాక బట్టీ పట్టిన మాట వెనకనున్న భావం పిల్లలకు కళ్ళకు కడుతుంది. పైగా తరతరాలుగా తెలుగునాడుకు దూరంగా ఉన్న మన ఇళ్ళలో చాలావాటికి తెలుగు పుస్తకం చేరకపోయినా తెలుగు సినిమా చేరింది. ఆ దారినే తెలుగులో సైన్సు మాటలూ చేరవచ్చు.

తరువాతి ఆదివారానికి 'ఈగ' (2012) తీసుకోండి. ఈగ పొడవు, వెడల్పు, ఎత్తు పదింతలు చేస్తే బరువు వెయ్యింతలవుతుంది, కాళ్ళ అడ్డుకోత వైశాల్యం మాత్రం వందింతలే. మరి ఆ కాళ్ళు మోయగలవా? కర్ణాటక పిల్లలకు 'ఆదిత్య 369' (1991) ఇంకా దగ్గర. అందులోని కాలయంత్రం వారిని 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోతుంది. చిత్రం చూశాక హంపి చూడడం వేరు, ఊరికే చూడడం వేరు.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలతో కూర్చుని మీరూ చూడండి. జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, "ఎందుకు?" అని అడిగితే చాలు. చదువుకోని అమ్మమ్మ అయినా 'మాయాబజార్' (1957) చూస్తూ ఆ ప్రశ్న వేయగలదు. సైన్సు మనవల్ల కాదనుకుని పదవ తరగతి తరువాత ఆ దారి వదిలేసే పిల్లలు మనలో ఉన్నారు. ఉపకార వేతనం వారి ఫీజు కట్టగలదు కాని, భయాన్ని పోగొట్టలేదు. ఆ పని ఇంట్లోనే మొదలుకావాలి. ఈ సెలవుల్లో ఒక్క సినిమా, ఒక్క ఘట్టం, ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి.