మందునకు లొంగని రాచపుండు

మూసీయొడ్డున నున్న అత్తాపూరులో నొక వృద్ధుడు నన్నిట్లడిగెను: “అయ్యా! మొదట పనిచేసిన మందే రోగము తిరుగబెట్టినప్పుడేల పనిచేయదు?” ఆయన మనుమనికి లుకేమియా, అనగా నెత్తురునకు పట్టిన రాచపుండు. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానమును నేడు మీకును విన్నవింతును.

ఆ మందు మెతోట్రెక్సేటు. దాని పుట్టుకతో మన భీమవరమునకు సంబంధము గలదు. 1895లో నచ్చట జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన మందులను సిద్ధపరచిన బృందమునకు నాయకులు. అందు అమినోప్టెరిన్ అనుదానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. ఆ గుణము కొలదికాలమే నిలిచెను. సుబ్బారావుగారు నాయేటి ఆగస్టులోనే కాలధర్మమునొందిరి. మెతోట్రెక్సేటు దానికి తోబుట్టువు.

పప్పులలో, ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లమును ఒక ఎంజైము మార్చి యిచ్చిననే గాని క్రొత్త జీవకణము పుట్టదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేసు అను నీ ఎంజైము పేరు నోరు తిరుగదు గాని, దాని పని చెఱువు తూము వంటిది. మందు ఆ తూమునకు బిగించిన బిరడా. నీరందక పైరెండినట్లు కణములు నశించును.

ఒక తూముండవలసిన చోట నూఱు తూములు తెఱచుకొనినచో బిరడాలెన్ని చాలును? 1978లో అమెరికాలో రాబర్టు షిమ్కీ మొదలగువారు చుంచెలుక కణములను గాజుపాత్రలలో పెంచి, మందును కొద్దికొద్దిగా హెచ్చించుచు వచ్చిన వానిని పరీక్షించిరి. బ్రతికిన కణములలో నీ ఎంజైము వందరెట్లకు మించి పెరిగియుండెను. దానిని పుట్టించు జన్యువే పెక్కు ప్రతులైనదని తేలెను. కణము బుద్ధిపూర్వకముగ నిట్లు చేయుననుకొనరాదు. యాదృచ్ఛికముగా నధికప్రతులు గలవి మిగులును, తక్కినవి చచ్చును. మందుకు చావని పురుగును సేద్యగాండ్రు చూచియే యున్నారు గదా! మందు మానినచో కొన్ని కణములు ఆ ప్రతులను కోల్పోవును, కొన్ని విడువవు.

గాజుపాత్రలోని కణమునకును, మంచముపైనున్న మనుమనికిని నెంతో దూరము. 1980 తరువాత కొందఱు రోగుల కణములలోను నీ వృద్ధి కనబడినమాట నిజమే. అయినను అన్నిటికి నదియే కారణమని నేను చెప్పజాలను. కొన్ని కణములు మందును లోనికే రానీయవు, కొన్ని లోన నిలువనీయవు. అందుచేతనే వైద్యులు పిల్లల లుకేమియాకు ఒక్క మందును నమ్మక, వేర్వేరు దారుల పనిచేయు మందులను కలిపి యిత్తురు. ఒకదానిని తప్పించుకొనినది మఱియొకదానికి చిక్కును. ఇట్లు నేడు పెక్కుమంది పిల్లలు బ్రతికి బట్టకట్టుచున్నారు.

వృద్ధుడు కొంతసేపూరకుండి, “అట్లయిన మొదటి మందిచ్చుట డాక్టరుగారి పొరపాటు కాదా?” అనెను. కాదంటిని. ఆయన తలపాగా సవరించుకొని ఆసుపత్రి దారి పట్టెను.