'తగినంత' అంటే ఎంతమ్మా?

అక్కడ డల్లాస్‌లో రాత్రి. ఇక్కడ గూడూరులో పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేసే వేళ. ఫోన్ మోగుతుంది.

''అమ్మా, శనివారం మా ఇంట్లో పార్టీ. ఆఫీసు వాళ్లూ వస్తున్నారు. తొక్కుడు లడ్డూ, కారప్పూస చేద్దామనుకుంటున్నా. శనగపిండికి బెల్లం ఎంతెయ్యాలి?''

''తగినంత వెయ్యవే.''

''తగినంత అంటే ఎంతమ్మా?''

''అదేం ప్రశ్నే! చెయ్యి చూసుకుని వేసుకోవడమే.''

ఇలాంటి ఫోన్లు గూడూరు, బందరు, గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లకి వస్తుంటాయి. అమ్మ చేతికి తెలిసిన కొలత అమ్మ నోటికి తెలియదు. కూతురికేమో చెంచాలు, కప్పులు, గ్రాములు కావాలి. ఈ రెండిటి మధ్యా చిక్కుకున్నది ఒక వంటకం మాత్రమే కాదు, కృష్ణా డెల్టాలో తరాలుగా చుట్టాలకు ఎదురెళ్లిన 'స్వీటూ హాటూ' పళ్లెం.

పెళ్లిచూపులైనా పుట్టినరోజైనా...

గూడూరు అనగానే చాలామందికి నెల్లూరు వైపున్న రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. ఇది ఆ గూడూరు కాదు. బందరు నుంచి బెజవాడ వెళ్లే దారిలో ఉన్న కృష్ణాజిల్లా మండల కేంద్రం. లడ్డూకి పేరు తెచ్చిన బందరుకి పొరుగూరు. ఇక్కడ ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్ల తర్వాత అందేది ఒకటే... ఓ లడ్డూ, పక్కన గుప్పెడు కారప్పూస, వెనకే కాఫీ. పెళ్లిచూపులైనా, గృహప్రవేశమైనా, పిల్లాడి పుట్టినరోజైనా ఆ జంట తప్పదు. ఒక్క తీపే పెడితే మొహం మొత్తుతుంది. ఒక్క కారమే పెడితే శుభకార్యంలా ఉండదు. అందుకే రెండూ పక్కపక్కనే.

బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వలస వచ్చిన బొందిలీ కుటుంబాలు ఈ లడ్డూని బందరుకి పరిచయం చేశాయని చెబుతారు. పిండివంటను రోట్లో వేసి తొక్కి చేస్తారు కాబట్టి తొక్కుడు లడ్డూ. ఊరి పేరుతో బందరు లడ్డూ. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దుకాణం లడ్డూకి ఆ ముద్ర రక్షణ ఉంది. ఇంట్లో అమ్మ చేసే లడ్డూకి మాత్రం ఆమె జ్ఞాపకమే రక్షణ!

అక్కడా అదే జంట

అమెరికాలో తలా ఒక వంటకం తెచ్చుకునే 'పాట్‌లక్' పార్టీలకి వెళ్లిన మనవాళ్లకి భోజనానికి ముందు తరచూ కనిపించేది బేకన్. పంది మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి, సాధారణంగా పొగపట్టి, పల్చగా కోసిన ముక్కలవి. వాటికి బ్రౌన్ షుగర్, మిరియాల పొడి పట్టించి ఓవెన్‌లో పెడతారు. పంచదార కరిగి ముక్కకి పాకంలా పట్టుకుంటుంది. చల్లారితే కరకరలాడుతుంది. ఖర్జూరానికి బేకన్ చుట్టి కాల్చడం ఇంకో పద్ధతి. పంది మాంసం తిననివాళ్లు టర్కీ కోడి మాంసంతో చేసిన బేకన్ వాడతారు.

పదార్థం మనకి కొత్తే. కానీ ఉప్పుతో తీపి కలపడం కొత్తా? ఉగాది పచ్చడిలో కలిపేది అదే. పులుసులో బెల్లం ముక్క వేసేదీ అందుకే. పూర్ణంలో చిటికెడు ఉప్పు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దీని వెనకున్న కిటుకుని ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు 1997లో 'నేచర్' పత్రికలో వివరించారు. ఉప్పు నాలుక మీద చేదుని అణచేస్తుంది. చేదు తగ్గగానే, దాని కింద దాగిన తీపి పైకి తేలుతుంది. బెల్లంలో పంచదారలో లేని చిరుచేదు ఉంటుంది. కాబట్టి లడ్డూలో చిటికెడు ఉప్పు ఉత్తి చాదస్తం కాదు.

మరి మొహం మొత్తడం? దానికీ లెక్క ఉంది. ఒకే రుచి తింటూ పోతే ఆ రుచి మీద ఇష్టం తగ్గుతుందనీ, వేరే రుచి మీద మాత్రం అలాగే ఉంటుందనీ ఆక్స్‌ఫర్డ్‌లో బార్బరా రోల్స్ బృందం 1981లో ప్రయోగాలు చేసి చూపింది. లడ్డూ కొరికాక చెయ్యి కారప్పూస వైపు ఎందుకు వెళుతుందో ఇప్పుడు అర్థమైంది కదా! అయితే పార్టీ ఇచ్చేవాళ్లకి ఇందులో ఓ హెచ్చరికా ఉంది. రెండు రుచులుంటే తినడం ఆగదు. అందుకే లడ్డూలు చిన్నవిగా చుట్టడం మంచిది.

ఒకే గొట్టం, రెండు దారులు

చూడ్డానికి లడ్డూకీ కారప్పూసకీ పోలికే లేదు. కానీ రెండూ తోబుట్టువులు. రెండూ శనగపిండే. రెండూ జంతికల గొట్టంలోంచే నూనెలోకి దిగుతాయి. ఉప్పూ కారం పడ్డది కారప్పూస అవుతుంది. అవి పడనిది రోట్లో నలిగి, పాకంలో నాని లడ్డూ అవుతుంది. అందుకే పాతకాలపు ఇళ్లలో ఈ రెండూ ఒకే పూట చేసేవారు. పొయ్యి ఒకసారే వెలిగించాలి, బాణలి ఒకసారే పెట్టాలి.

ఇందులో మొదటి సూత్రం వరస. ముందు తీపి పిండి వత్తాలి, తర్వాతే కారం పిండి. తిరగేస్తే నూనెలో దిగిన కారం, వాము వాసన లడ్డూకి పట్టేస్తాయి. రెండో సూత్రం రంగు. లడ్డూకి వత్తిన పూస పచ్చివాసన పోగానే తీసెయ్యాలి, ఎర్రబడనివ్వకూడదు. కారప్పూస మాత్రం నూనెలో బుడగలు తగ్గేదాకా ఉండాలి. లేకపోతే సాయంత్రానికే మెత్తబడుతుంది.

మూడోది, అన్నిటికన్నా కష్టమైంది పాకం. వేలికి అంటించుకుని బొటనవేలితో నొక్కి విడదీస్తే సన్నటి తీగ సాగి తెగాలి. అదే లేత తీగపాకం. అక్కడితో పొయ్యి కట్టెయ్యాలి. ఒక్క నిమిషం ఏమరుపాటు... పాకం ముదురుతుంది, లడ్డూ రాయవుతుంది! అలా అయినా పారేయక్కర్లేదు. మళ్లీ దంచి, వేడినీళ్లు చెంచాడు చొప్పున చిలకరిస్తూ కలిపితే దారికొస్తుంది.

నాలుగోది తొక్కడం. పొడిని పాకంలో కలిపి రెండు మూడు గంటలు వదిలేస్తే బెల్లం లోపలిదాకా ఇంకుతుంది. అప్పుడు నెయ్యి పోస్తూ మళ్లీ దంచాలి. రోకలి పొడిని నొక్కుతుంది, మిక్సీ కోస్తుంది. తేడా నోట్లో వేసుకుంటే తెలుస్తుంది. రోలు లేని ఫ్లాట్లలో, అమెరికా వంటిళ్లలో ఓ ఉపాయం ఉంది. పూసని మిక్సీలో ఆపి ఆపి తిప్పి పొడి చేసుకోవాలి. పాకం కలిపాక మాత్రం మిక్సీ జోలికి పోకుండా, వెడల్పాటి పళ్లెంలో వేసి అరచేతి మడమతో పది నిమిషాలు గట్టిగా మర్దించాలి.

గుప్పెడుని తూకం వేస్తే...

ఒకరు గొట్టం తిప్పాలి, ఒకరు బాణలి చూసుకోవాలి, ఒకరు దంచాలి. మూడు జతల చేతులున్న ఇళ్లు ఇప్పుడు తక్కువ. పిల్లలు హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటారు. పార్టీ అంటే స్వీటుషాపుకి ఫోనే. అందులో తప్పేం లేదు, బందరు దుకాణాల లడ్డూ రుచికి వంక పెట్టేవాళ్లెవరు? కానీ కొనుక్కున్న లడ్డూ వెంట ఇంటి కొలత రాదు. ఒక తరం చెయ్యడం మానేస్తే, తర్వాతి తరానికి అడగడానికి మనిషే ఉండదు.

పరిష్కారం పెద్ద కష్టమేం కాదు. ఈసారి పండక్కి ఇంటికెళ్లినప్పుడు కూరలు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి పట్టుకెళ్లండి. అమ్మ గుప్పిట్లోని బెల్లం గిన్నెలో పడేలోపు ఆ త్రాసు మీద పడాలి. ''ఇదేం చోద్యమే'' అని నవ్వుతుంది. నవ్వనివ్వండి. 'కాస్త', 'కొంచెం', 'తగినంత' అన్న ప్రతి మాట పక్కనా ఓ అంకె రాసుకోండి. పాకం తీగ సాగే ఆ క్షణాన్ని మాత్రం ఫోన్లో వీడియో తీసుకోండి. దానికి అంకె చాలదు.

పాతికమందికి స్వీటూ హాటూ

లడ్డూకి: శనగపిండి అరకిలో, బెల్లం 450 గ్రాములు, నెయ్యి 150 గ్రాములు, ఏలకుల పొడి చెంచా, జీడిపప్పు, పటికబెల్లం పలుకులు గుప్పెడు చొప్పున, ఉప్పు చిటికెడు.

పిండిలో చిటికెడు ఉప్పు వేసి, నీళ్లతో జంతికల పిండిలా కలిపి, కాగిన నూనెలో వత్తి, ఎర్రబడకుండా తియ్యాలి. గోరువెచ్చగా ఉండగానే పొడి చేసి జల్లించాలి. బెల్లాన్ని టీకప్పు నీళ్లలో కరిగించి వడకట్టి, లేత తీగపాకం రాగానే పొడిలో కలిపి మూతపెట్టాలి. రెండు మూడు గంటల తర్వాత కరిగిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ దంచి, మిగతావి కలిపి చిన్న నిమ్మకాయంత లడ్డూలు చుట్టాలి. ఉండ నిలవకపోతే ఇంకో చెంచా వేడి నెయ్యి వెయ్యండి.

కారప్పూసకి: శనగపిండి అరకిలో, బియ్యప్పిండి 100 గ్రాములు, ఉప్పు రెండు చెంచాలు, కారం రెండు చెంచాలు, వాము పొడి చెంచా, వేడినూనె రెండు పెద్ద చెంచాలు.

పొడులన్నీ కలిపి, వేడినూనె పోసి, తర్వాత నీళ్లతో మెత్తగా కలపాలి. లడ్డూ పూస తీసేసిన నూనెలోనే, గొట్టంలో సన్న చిల్లుల బిళ్ల మార్చి వత్తాలి. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, అదే నూనె కాగిందనడానికి గుర్తు. రెండువైపులా వేగాక తీసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడుతుంది.

కొలతలు ఇవే అయినా, మీ ఇంటి లెక్క కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. అది తెలుసుకోవాలంటే మాత్రం అమ్మకి ఫోన్ చేయాల్సిందే!