తెరిచిన రక్తనాళం మళ్లీ పూడుకునేది ఇందుకే

అంగళ్లు: తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో వెళ్లి యాంజియోప్లాస్టీ చేయించుకుని వచ్చిన హృద్రోగుల్లో కొందరికి ఆరు నెలలు తిరగకుండానే ఛాతీ నొప్పి మళ్లీ మొదలవుతుంది. తెరిచిన నాళమే తిరిగి ఇరుకు కావడం ఇందుకు ఒక కారణం. వైద్యులు దీన్ని రీస్టెనోసిస్ అంటారు.

బెలూన్ ఉబ్బినప్పుడు నాళం లోపలి పలుచని పొర చిట్లుతుంది. ఆ గాయంపై ప్లేట్‌లెట్లు పేరుకుని పి-సెలెక్టిన్ అనే జిగురు వంటి అణువును పైకి తెస్తాయి. తెల్ల రక్తకణాలు దాన్ని పట్టుకుని ఆగి, మ్యాక్-1 అనే మరో అణువుతో గట్టిగా అతుక్కుని గోడలోకి చొరబడతాయి. అవి వెలువరించే రసాయనాల ప్రేరణతో కండర కణాలు మితిమీరి పెరిగి దారిని మూస్తాయి. ఇది పాత కొవ్వు తిరిగి చేరడం కాదు, గాయం మానడం హద్దు మీరడం. నూనె మానేసినంత మాత్రాన ఆగేది కాదు. మధుమేహులకు ముప్పు మరీ ఎక్కువ.

1998లో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు రూపొందించిన చౌక స్టెంటు వంటి లోహపు స్టెంట్లు నాళం కుంచించుకుపోకుండా నిలిపాయి గానీ కణాల పెరుగుదలను ఆపలేదు. తర్వాత వచ్చిన మందు పూత స్టెంట్లు దాన్ని బాగా అదుపు చేశాయి. అయితే ఆ మందు లోపలి పొర మానడాన్నీ ఆలస్యం చేస్తుంది. నొప్పి లేదు కదా అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను సొంతంగా ఆపితే స్టెంటులోనే గడ్డ ఏర్పడి ప్రాణం మీదికి రావచ్చు.